పావెవ్ పేరులో చివరి అక్షరం: లిథువేనియా పోలిష్ పార్టీకి ఒక హోసూరు తెలుగువాడి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వాల్దెమార్ తొమాషెవ్‌స్కీ గారికి, లిథువేనియా పోలిష్ ప్రజల ఎన్నికల పార్టీ నాయకులకు, కార్యకర్తలకు,

నమస్కారం.

నేను తమిళనాడులోని హోసూరు పక్కన ఒక పల్లెలో పుట్టిన తెలుగువాణ్ణి. పదేళ్లుగా విల్నియస్ జిల్లాలో కాపురం ఉంటున్నాను. ఇక్కడ శాశ్వత నివాసం ఉన్న విదేశీయులకు స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంది కాబట్టి 2023లో నేనూ వరసలో నిలబడి ఓటేశాను. అంటే మీతో మాట్లాడే హక్కు నాకు కొంచెం ఉందనే అనుకుంటున్నాను. ఈ ఉత్తరం తెలుగులో రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. పోలిష్‌లోకి మార్చి మీకు అందేలా చూస్తానని మా పక్కింటి అమ్మాయి మాటిచ్చింది. తెలుగులో రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. మీ కథ మావాళ్లు కూడా చదవాలి. రాష్ట్రం ఒక భాషది, ఇంట్లో మాట ఇంకో భాషది అయినప్పుడు మనిషి పడే ఇబ్బంది హోసూరు, కృష్ణగిరి తెలుగువాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

మా పక్కింట్లో పావెవ్ అని ఒకాయన ఉన్నారు. అసలు పేరు కాదు, ఆ కుటుంబాన్ని బజారుకెక్కించడం ఇష్టం లేక మీలో చాలామందికి ఉండే పేరే ఆయనకు పెట్టాను. పోయిన నవంబరు 1న వాళ్ల ఊరి శ్మశానానికి నన్నూ తీసుకెళ్లారు. ఆ రోజు దేశమంతా సమాధుల దగ్గర దీపాలు పెడుతుంది. ఐదున్నరకే చీకటి పడింది, పైన్ చెట్ల మధ్య వందల దీపాలు ఎర్ర గాజు డబ్బాల్లో వెలుగుతున్నాయి. మా కార్తీక దీపాలు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. పావెవ్ గారు చేత్తో ఎండుటాకులు తుడుస్తూ వాళ్ల తాత సమాధి రాయి చూపించారు. తాత పేరు కూడా పావెవే. రాయి మీద పోలిష్ పద్ధతిలో చెక్కారు. మధ్యలో డబ్ల్యూ, చివర అడ్డగీత పెట్టిన ఎల్. పోలిష్‌లో ఆ అడ్డగీత ఎల్‌ను ‘వ’ లాగా పలుకుతారు, అందుకే ఆ పేరు పావెవ్. తర్వాత ఆయన జేబులోంచి తన గుర్తింపు కార్డు తీసి దీపం దగ్గర పెట్టారు. మధ్యలో వీ, చివర మామూలు ఎల్. లిథువేనియన్లు దాన్ని చదివితే ‘పావెల్’ అవుతుంది.

“తాతకు రాయి మీదైనా ఉంది” అన్నారు. ఇంకేం మాట్లాడలేదు.

నా సంగతి చెబుతాను. మా నాన్న నాకు పెట్టిన పేరు వెంకటేశ్వర. బళ్లో చేర్చేటప్పుడు రిజిస్టర్ రాసినాయన తమిళ పద్ధతిలో చివర ఒక ‘న్’ తగిలించాడు. వెంకటేశ్వరన్ అయ్యాను. సర్టిఫికెట్లన్నీ అలాగే వచ్చాయి, పాస్‌పోర్టూ అలాగే వచ్చింది. అమ్మ చనిపోయేదాకా ఆ ‘న్’ని ఒక్కసారి కూడా పలకలేదు. ఇక్కడికొచ్చాక నా నివాస కార్డులో పేరు పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు దింపారు. అందులో ‘శ్వ’ దగ్గర డబ్ల్యూ ఉంది. లిథువేనియన్ వర్ణమాలలో 32 అక్షరాలుంటే అందులో డబ్ల్యూ లేదు. అయినా నిన్న కాక మొన్న వచ్చిన నా కార్డు మీద అది హాయిగా కూర్చుంది. ఏడు తరాలుగా ఈ మట్టిలోనే ఉన్న పావెవ్ గారికి 2022 దాకా ఆ అక్షరం రాయించుకునే హక్కే లేదు! ఆ సంగతి తెలిసిన రోజు నాకు సిగ్గేసింది. తప్పు నాది కాదు, అయినా సిగ్గేసింది.

మీ పార్టీ కథ మీకు తెలిసిందే, మా చదువరుల కోసం కాస్త చెబుతాను. లిథువేనియా జనాభా 28 లక్షలు. 2021 జనగణనలో సుమారు 1 లక్షా 83 వేల మంది, అంటే నూటికి ఆరున్నర మంది, తమను పోలిష్ జాతీయులుగా రాయించుకున్నారు. ఎక్కువమంది ఉండేది రాజధాని విల్నియస్ చుట్టూ, బెలారస్ సరిహద్దు దాకా. షల్చినింకై జిల్లాలో నాలుగింట మూడొంతులకు పైగా వాళ్లే. వీళ్లు పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్లు కారు. మనుషులు ఉన్నచోటే ఉన్నారు, గీతలే అటూ ఇటూ జరిగాయి. 1920లో పోలండ్ సైన్యం విల్నియస్‌ను పట్టుకుంది, 1939 దాకా ఆ నగరం పోలండ్‌లో ఉంది, లిథువేనియన్లు కౌనాస్‌ను తాత్కాలిక రాజధానిగా పెట్టుకుని రాజధాని పోయిందన్న బాధతో ఇరవై ఏళ్లు గడిపారు. ఆ తర్వాత సోవియట్ కాలం. 1990లో లిథువేనియా స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు షల్చినింకై, విల్నియస్ జిల్లాల కౌన్సిళ్లు పోలిష్ స్వయంపాలన ప్రాంతం కావాలన్నాయి. అక్కడి పెద్దల్లో కొందరు మాస్కో వైపు చూశారు. 1991 సెప్టెంబరులో ఆ కౌన్సిళ్లను రద్దు చేశారు. ఆ అనుమానం ఇంకా పోలేదు. పోలిష్ మాట వినపడితే కొందరు లిథువేనియన్ల ముఖం మారడం నేను బస్సులో చూశాను. వాళ్లను తప్పుపట్టలేను, మిమ్మల్ని అంతకంటే తప్పుపట్టలేను.

మీ పార్టీ 1994లో పుట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో లిథువేనియా, పోలండ్ స్నేహ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అల్పసంఖ్యాకులు తమ పేర్లను తమ భాష పలుకుబడి ప్రకారం వాడుకోవచ్చని ఆ ఒప్పందంలోనే ఉంది. కాగితం మీద ఆ మాట పడ్డాక 28 ఏళ్లు ఆగాల్సి వచ్చింది. అది తలుచుకుంటే మీ ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది.

దండం పెట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. సెయిమాస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, 141 సీట్లు. 71 నియోజకవర్గాల వారీగా, 70 పార్టీ జాబితాలకు. జాబితా సీట్లు రావాలంటే దేశం మొత్తమ్మీద 5 శాతం ఓట్లు దాటాలి. ఒకప్పుడు అల్పసంఖ్యాక పార్టీలకు మినహాయింపు ఉండేది, 1996 ఎన్నికల నాటికి అది పోయింది. ఒక మూలన ఉన్న ఆరేడు శాతం జనంతో దేశం మొత్తానికి పెట్టిన ఆ గీత దాటడం ఎంత కష్టమో లెక్క తెలిసినవాళ్లకు అర్థమవుతుంది. దాదాపు అందరూ కట్టకట్టుకుని మీకే ఓటేస్తే తప్ప కాదు. ఏళ్ల తరబడి ఒకటి, రెండు, మూడు సీట్లతో నెట్టుకొచ్చారు. 2012లో 5.83 శాతంతో గీత దాటి 8 సీట్లు తెచ్చుకున్నారు. 2016లో మళ్లీ 8. రష్యన్ మాట్లాడేవాళ్లను కలుపుకున్నారు, పేరులో క్రైస్తవ కుటుంబాలను చేర్చారు. యూరోపియన్ పార్లమెంటుకు 2009 నుంచి తొమాషెవ్‌స్కీ గారు వరసగా గెలుస్తున్నారు. మా హోసూరు తెలుగువాళ్లకు ఇలాంటి పార్టీ ఒకటి ఎప్పుడూ లేదు. నిజం చెప్పాలంటే మిమ్మల్ని చూసి ఎన్నోసార్లు ఈర్ష్యపడ్డాను.

బడుల విషయంలో ఇంకా దగ్గరగా అనిపించింది. 2011లో విద్యాచట్టం మార్చి, మైనారిటీ బడుల పిల్లలు కూడా అందరితో సమానంగా ఒకే లిథువేనియన్ పరీక్ష రాయాలన్నారు, 2013 నుంచి అమలు చేశారు. తల్లిదండ్రులు పిల్లల్ని బడికి పంపకుండా సమ్మె చేశారు, మీరు వాళ్ల వెంట నిలబడ్డారు. బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరగతి తరగతికీ పాకి, 2016 నాటికి పదో తరగతికి చేరింది. మా అక్క కొడుకు సరిగ్గా ఆ బ్యాచ్‌లో ఉన్నాడు. తెలుగు మీడియం పిల్లవాడు, పదో తరగతి పరీక్షలు నెత్తిమీదకు వస్తున్నాయి, తమిళం పేపరు రాయాలో అక్కర్లేదో చెప్పే నాథుడు లేడు. కోర్టు మినహాయింపు ఇచ్చేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు, అంత టెన్షన్. మా తరఫున అసెంబ్లీలో గట్టిగా అడిగే పార్టీ ఉంటే బాగుండునని మా బావ రోజూ అనేవాడు. ఆ పార్టీ మీకుంది.

అందుకే ఇప్పుడు అడగబోయేది కొంచెం కటువుగా అనిపించినా పరాయివాడి మాటగా తీసుకోకండి.

2012 నుంచి 2014 దాకా మీరు ప్రభుత్వంలో ఉన్నారు, ఇంధన శాఖ మీ చేతిలో ఉంది. పేర్లను పోలిష్ పద్ధతిలో రాసుకోనిచ్చే పేర్ల చట్టం రాలేదు. 2019, 2020ల్లో మళ్లీ ప్రభుత్వంలో ఉన్నారు, హోం శాఖ, రవాణా శాఖ మీవే. అప్పుడూ రాలేదు. 2020 ఎన్నికల్లో 5 శాతం గీతకు కాస్త కింద ఆగిపోయి 3 సీట్లకు పడిపోయారు, ప్రతిపక్షంలో కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే, 2022 జనవరి 18న, క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలను పత్రాల్లో రాసుకోవచ్చని చట్టం వచ్చింది. దాన్ని భుజాన వేసుకుని నడిపించిన న్యాయశాఖ మంత్రి ఎవెలీనా దొబ్రొవోల్స్కా. ఆమెదీ పోలిష్ కుటుంబమే, కానీ పార్టీ మీది కాదు, ఫ్రీడమ్ పార్టీ. ఆ మే నెలలో చట్టం అమల్లోకి రాగానే తన పేరులోని వీ తీసేసి డబ్ల్యూ రాయించుకున్నారు.

ఆ రోజు నేను ఎదురుచూసింది మీ నుంచి ఒక పండగ. 28 ఏళ్లుగా అడుగుతున్నదానికి సగం జవాబు దొరికిన రోజు కదా. మా వీధిలో పావెవ్ గారి కూతురు కేకు కోసింది. ఆమె పేరులో కూడా డబ్ల్యూ ఉంది. మీ నోటి వెంట మాత్రం సంతోషం కంటే సణుగుడే ఎక్కువ వినిపించింది. అసలు పోలిష్ అక్షరాలు రాలేదు, ఇది సగం పనే అన్నారు. ఆ మాట నిజమే. కొత్త చట్టం గీతలు, చుక్కలు లేని లాటిన్ అక్షరాలకే. పావెవ్ గారు డబ్ల్యూ రాయించుకోవచ్చు, చివరి అడ్డగీత ఎల్ మాత్రం రాయించుకోలేరు. నడుమ అక్షరం వచ్చింది, చివరిది రాలేదు. జనం చదివితే ఇప్పటికీ పావెలే. కానీ వచ్చిన సగాన్ని చేత్తో పట్టుకుని, తెచ్చినామెకు చెయ్యి కలిపి, మిగతా సగానికి ఇద్దరూ కలిసి వెళ్లుంటే? ఆమె మరో పార్టీ కాబట్టి ఆమె పోలిష్‌తనం తక్కువైపోతుందా?

2023లోనూ ఇదే చూశాను. విల్నియస్ జిల్లా మేయరు పదవి 1990ల నుంచి మీ ఇంటి పెరడు లాంటిది. రాబర్ట్ దుఖ్నేవిచ్ స్వల్ప తేడాతో గెలిచారు. సోషల్ డెమొక్రాట్, ఆయనా పోలిష్ కుటుంబంవాడే. అంటే ఆ రోజు పోలిష్ జనం ఓడిపోలేదు, మీ పార్టీ ఓడిపోయింది. ఈ రెండూ ఒకటి కావన్న సంగతి ఒప్పుకోవడం మీకు కష్టంగా ఉందని నాకనిపించింది. జిల్లా కూడా మారిపోతోంది. 2001లో ఇక్కడ నూటికి 61 మంది పోలిష్ జాతీయులు, 2011లో 52, 2021లో 47. నగరంలో అద్దెలు కట్టలేక కుర్ర లిథువేనియన్ జంటలు వచ్చి బంగాళాదుంప చేలల్లో ఇళ్లు కట్టుకుంటున్నారు. మా వీధిలోనే ఏడు కొత్త ఇళ్లు. వాళ్ల పిల్లలు, పావెవ్ గారి మనవడు ఒకే బంతితో ఆడతారు. బస్సు టైముకు రాకపోవడం, డాక్టరు కోసం విల్నియస్ పోవడం వాళ్లకూ బాధే, వీళ్లకూ బాధే. ఆ కొత్త ఇళ్ల తలుపు మీరెప్పుడూ తట్టలేదు. ఓటర్ల జాబితాలో ఇంటిపేరు చూసి తలుపు తట్టే రోజులు పోయాయని మీ కార్యకర్తే ఒకాయన మా అరుగు మీద కూర్చుని నాతో చెప్పాడు, పైకి చెప్పలేడంతే.

ఇంకో మాట, తప్పక చెప్పాల్సింది. 2014 మేలో తొమాషెవ్‌స్కీ గారు రష్యన్ విజయదినానికి రష్యా గుర్తుగా చూసే సెయింట్ జార్జ్ రిబ్బన్ గుండె మీద పెట్టుకున్నారు. క్రిమియాను రష్యా లాక్కుని రెండు నెలలు కూడా కాలేదు. నాజీల మీద పోరాడి చనిపోయినవాళ్ల గౌరవం కోసమే పెట్టుకున్నారని మీవాళ్లు అన్నారు. అయ్యుండొచ్చు. కానీ 1991 నాటి భయం ఇంకా పోని దేశంలో, ఆ నలుపు నారింజ పట్టీ ఒక్క ఫోటోలో పడితే పేర్ల చట్టం ఎన్నేళ్లు వెనక్కి పోతుందో మీకు తెలియదా? ఆ ఫోటో ఖర్చు మీరు కట్టలేదు, పావెవ్ గారు కట్టారు. ఉక్రెయిన్ మీద దాడి జరిగాక, 2022 చలికాలంలో, ఆయన ఇంట్లో పైగది ఖాళీ చేసి ఒక ఉక్రెయిన్ తల్లికీ బిడ్డకూ ఇచ్చారు. మీ జనం గుండె ఎటుందో ఆ పైగది మెట్లెక్కి చూస్తే తెలుస్తుంది.

2024లో కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేశారు. చివర తమిళంలో నండ్రి, వణక్కం అని, జై తమిళనాడు అన్నారు. ఆయన కాంగ్రెస్ మనిషి, మా కోసం పెట్టిన ఏ పార్టీకీ చెందినవారు కాదు. నేను ఇక్కడ ఆ వీడియో చూసి ఏడ్చాను. ఏ పార్టీ అని ఆ క్షణంలో నాకు తోచలేదు. మా భాష ఆ గదిలో వినిపించింది, ఆ రాష్ట్రానికి జై కూడా వినిపించింది. ఇంటి భాషనీ ఊరి భాషనీ ఎదురెదురుగా నిలబెట్టకుండా రెంటినీ పక్కపక్కన పెట్టొచ్చని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. మీ షల్చినింకై ముసలమ్మలు ఈ పని ఎప్పుడో చేసేశారు. గుళ్లో పోలిష్, ఆఫీసులో లిథువేనియన్, ఆవును తోలుకెళ్లేటప్పుడు ‘పొ ప్రొస్తు’ అని వాళ్లు పిలుచుకునే బెలారుసియన్ యాస. మా అవ్వ కూడా అంతే, సంతలో కన్నడం, బస్సులో తమిళం, పొయ్యి దగ్గర తెలుగు.

ఇప్పుడు అసలు అడగాల్సింది. 2010 జనవరిలో పాత మైనారిటీల చట్టం గడువు తీరిపోతే, కొత్తది రావడానికి 2024 నవంబరు దాకా పట్టింది. 2025 సెప్టెంబరులో వచ్చిన ప్రభుత్వంలో న్యాయశాఖ మీ పార్టీ చేతికి వచ్చింది. రీతా తమషునియెనె గారు మంత్రి అయ్యారు. పేర్ల చట్టం ఆ శాఖ పనే. డబ్ల్యూ తెచ్చిన మంత్రి కూర్చున్న కుర్చీ కూడా అదే. సెయిమాస్‌లో మీకు ముగ్గురే ఉన్నారు, అది నిజం. ఒంటరిగా ఏ చట్టమూ నెగ్గదు. అందుకే చెబుతున్నాను, ఆ అడ్డగీత కోసం ఒక బిల్లు రాయండి. దాన్ని పట్టుకుని ఇతర పార్టీల్లో ఉన్న పోలిష్ వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఫ్రీడమ్ పార్టీ 2024లో సెయిమాస్‌లోకి రాలేకపోయింది, అయినా దొబ్రొవోల్స్కా గారి ఇంటికి ఒకసారి వెళ్లండి, ఆ చట్టం ఎలా నెగ్గించారో అడగండి. ఎవరు ఓట్లు వేశారో, ఎవరు ఎందుకు భయపడ్డారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. మీ యువ కౌన్సిలర్లను ఇద్దరినో ముగ్గురినో వెంట తీసుకెళ్లండి. తొమాషెవ్‌స్కీ గారూ, మీరు 1999 నుంచి పార్టీని నడుపుతున్నారు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు మా వీధిలో ఇళ్లు కట్టుకుంటున్నారు. ఈ బిల్లు మీద మొదటి సంతకం వాళ్లలో ఒకరితో పెట్టించండి.

షల్చినింకైలో ఇళ్ల మీద పోలిష్ వీధి పేర్ల పలకలు ఉంచినందుకు 2014లో ఆ జిల్లా పాలనాధికారికి 40 వేల లిటాలకు (అప్పటి ఇక్కడి డబ్బు) పైగా జరిమానా వేశారు. జనం చందాలు వేసుకున్నారని పావెవ్ గారు చెప్పారు, తనూ వంద లిటాలు ఇచ్చారట. మీ కోసం ఇచ్చాను అనలేదు. “మా వీధి కోసం” అన్నారు.

ఆయనకు 71 ఏళ్లు. గుర్తింపు కార్డు గడువు ఇంకో రెండేళ్లలో తీరుతుంది. కొత్త కార్డుకు వెళ్లే రోజు నేనూ తోడు వస్తానని చెప్పాను. కౌంటర్‌లో ఆయన పేరు ఎలా రాయించుకోవాలో ఇప్పటినుంచే ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకున్నారు. చివరి ఎల్ మీద అడ్డగీత కాస్త గట్టిగా, రెండుసార్లు దిద్ది పెట్టారు.

ఇట్లు,
విల్నియస్ జిల్లాలో ఉంటున్న హోసూరు తెలుగువాడు,
వెంకటేశ్వర